పిలిస్తే పలికాడు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇరవై ఏళ్ళుగా బడిలో ఆటల మాస్టారిని. చెరువులో దయ్యం కాళ్ళు పట్టి లాగుతుందని ఎవరైనా అంటే, లాగేది నీళ్ళలో అల్లుకున్న తూటికాడ, ముంచేది మీ తొందర అని కసిరేవాణ్ణి. ఇప్పటికీ అదే కసురుతాను. అయినా ఇది రాయక తప్పడం లేదు.

మాచవరం దగ్గర మా ఊరి చెరువులో, వేసవి ఆదివారాల్లో ప్రార్థన అయ్యాక, పెద్దవాళ్ళకు ఈత నేర్పేవాణ్ణి. వీపుకు ఖాళీ నూనె డబ్బాలు కట్టుకోనిదే కొత్తవాళ్ళను దిగనిచ్చేవాణ్ణి కాదు. తూము వైపు పోకూడదు. ఇంకొకటి, గేదెలు కడిగే మా పెద్దవాళ్ళ నుంచి వచ్చిన పద్ధతి: గట్టు మీద ఒకరుండి మధ్యమధ్యలో పేరు పెట్టి పిలవాలి. నీళ్ళలో ఉన్నవాడు "ఉన్నా" అనాలి. పలికితే చాలు, ఇక తల తిప్పి చూసే పని లేదు. అదీ మా తెలివి.

యోహాను నా భార్యకు తమ్ముడు, ఆటో తోలేవాడు. నాలుగు వారాలకే ఈత వచ్చేసిందని ఒక ఆదివారం మధ్యాహ్నం డబ్బాలు విప్పేస్తానన్నాడు. వాడి సంబరం చూసి కాదనలేకపోయాను. వాడితో పాటు మా వీధి కోటయ్య నీళ్ళలో ఉన్నాడు. నేను చెరువుకు వీపు పెట్టి, ఎరువుల కొట్టు శ్రీనుకు డబ్బాలు కడుతున్నాను. మొదటిసారి దిగుతున్నాడేమో, భయంతో ఒకచోట నిలవడు.

కట్ట మీద క్రోసూరు బస్సు వెళ్ళింది. ఆ తర్వాత యోహానును మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ "ఉన్నా బావా" అన్నాడు. గొంతులో ఆయాసం కూడా లేదు. నింపాదిగా ముడులు బిగించుకుంటూ ఉన్నాను.

కోటయ్య ఒడ్డుకొచ్చి యోహాను ఏడని అడిగాడు. నీళ్ళలోనేగా, ఇప్పుడే పలికాడన్నాను.

"నీళ్ళల్లో ఏడున్నాడు మాస్టారూ? బస్సు పోయినకాడి నుంచి కనపళ్ళా. మాట గట్టు మీద నుంచి వస్తంటే, ఎక్కి నీ పక్కన కూర్చున్నాడనుకున్నా."

శ్రీను కూడా మూడుసార్లూ విన్నానన్నాడు. ఏ వైపు నుంచో అతనికి తెలియలేదట.

దూకి వెతికితే, యోహాను తూము దగ్గర, తూటికాడ కింద దొరికాడు. ఛాతీ మీద నొక్కాను, నోట్లోకి ఊపిరి ఊదాను. నరసరావుపేట ఆసుపత్రి దాకా వ్యానులో నొక్కుతూనే ఉన్నాను. లాభం లేకపోయింది.

ఒక్కణ్ణే విని ఉంటే నా చెవుల తప్పనుకుందును. ముగ్గురం విన్నాం. కోటయ్య తాను పలకలేదని పిల్లల మీద ఒట్టు వేశాడు. ప్రతిధ్వనేమోనని తర్వాత అక్కడే నిలబడి అరిచి చూశాను. ఏమీ రాలేదు. పలికిందెవరైనా, వాడి మేలు కోరి పలకలేదు. ఆ గొంతు వినపడకపోతే మొదటి పిలుపుకే దూకేవాణ్ణి.

జ్ఞాపకార్థ కూడిక నాడు, అందరూ భోజనాలకు లేచాక, యోహాను భార్య మరియమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. చివరగా ఏమన్నాడని అడిగింది. ఉన్నా బావా అన్నాడని చెప్పాను. మూడుసార్లు అన్నాడని కూడా చెప్పాను.

"మరి ఒక్కసారన్నా ఎనక్కి తిరిగి చూళ్ళేదా అన్నయ్యా?"

ఆ పలికిందెవరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం తెలుసు. ఇంతవరకూ ఆమెకు చెప్పలేదు.