నల్ల తెర ముందు కూర్చున్న అన్న

భూపాలపల్లిలో కూతురి దగ్గర ఉంటున్న మా కంప్యూటర్ అన్న పోయిన శుక్రవారం పొద్దున కన్నుమూశాడు. ఫోన్ చేసింది కూతురే. "నాయిన లేడు కాకా" అని ఆ పిల్ల రెండుసార్లు చెప్పింది. అప్పుడు నేను మహబూబాబాద్‌లో నా స్టూడియోలోనే ఉన్నాను, ఒక పెళ్లి ఆల్బమ్ సర్దుతూ. ఫోన్ పెట్టి తిరిగి చూస్తే కంప్యూటర్ తెర నల్లబడి ఉంది. మౌస్ కదిపితే వెలుగుతుంది. కదపడానికి చెయ్యి రాలేదు. ఇన్నేళ్లుగా నల్లబడ్డ తెరంటే నాకు భయం. ఆ భయం సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కడే.

రైల్వే స్టేషన్ దగ్గర చిన్న గదిలో ఆయన రిపేరు దుకాణం ఉండేది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో ఒక పెయింట్ బ్రష్షు, బడిపిల్లలు వాడే తెల్ల రబ్బరు. ఏ కంప్యూటర్ తెచ్చినా వెంటనే విప్పడు. స్విచ్ వేసి, డబ్బాకు చెవి ఆనించి కళ్లు మూసుకుంటాడు. తర్వాత అడిగే మాట ఒకటే: "ఆఖరుకు ఏం చేసినవ్?" అందరూ ఏమీ చేయలేదనే అంటారు. "ఏం చెయ్యకుంటనే పండుకున్నదా గిది? సరే, చాయ్ తాగుదాం. గప్పుడన్న చెప్తవు" అని నవ్వేవాడు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపుమీదున్న రోజులు. బంద్ లేని వారం లేదు. దీక్షా శిబిరాలకు, ర్యాలీలకు ఫ్లెక్సీలు వేయించుకునేవాళ్లతో నా స్టూడియో నిండి ఉండేది. అంతంత పెద్ద బొమ్మలు పెడితే నా కంప్యూటర్ మొరాయించేది. అందుకని హన్మకొండ వెళ్లి కొత్త ర్యామ్ తెచ్చాను. వేలెడు పొడుగు పట్టీ, కింద అంచున బంగారు రంగు గీతలు. దాన్ని బిగిస్తే కంప్యూటర్ ఎంత పెద్ద పనైనా తడబడకుండా చేస్తుందన్నారు. పాతది అక్కడే మార్పిడి కింద ఇచ్చేశాను. అన్నను పిలవకుండా నేనే బిగించాను. నాకూ పని వచ్చని చూపించుకోవాలని ఉబలాటం, అంతే.

స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది. బీప్, బీప్ అని మూలిగింది. తెర మాత్రం వెలగలేదు.

సరిగ్గా అప్పుడే ఒకామె గడప దగ్గర నిలబడింది. కురవి వైపు తండా నుంచి నడిచొచ్చింది. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. రాష్ట్రం ఇక రాదేమోనన్న దిగులుతో పది రోజుల కిందటే ప్రాణం తీసుకున్న పిల్లవాడి తల్లి. వాడు నెల కింద ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి నా దగ్గరే ఫొటో దిగాడు. కాలర్ గుండీ పెట్టుకోమంటే సిగ్గుపడుతూ పెట్టుకున్నాడు.

"ఇంట్ల ఉన్నది సిన్నప్పటి ఫొటో బిడ్డా. గా ఫొటోల మీసాలు లెవ్వు. రేపు దినాలు. నా కొడుకు మొకం ఇయ్యి" అంది.

నేను ఏం చెప్పానో రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "కంప్యూటర్ ఖరాబైంది అమ్మా, మళ్లీ రా" అన్నాను. ఆమె కదల్లేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఆ ఫొటోకు ఇంకో నకలు నా దగ్గర లేదు. నేను విప్పి పాడుచేసిన ఆ డబ్బాలో తప్ప వాడి పెద్దయిన ముఖం ఎక్కడా లేదనుకున్నాను.  అన్న దుకాణానికి పరుగెత్తాను.

ఆయన వచ్చాడు. ఆమెను చూశాడు, నన్ను చూశాడు. డబ్బాకు చెవి ఆనించాడు.

"ఆఖరుకు ఏం చేసినవ్ తమ్మి?"

"ఏం చెయ్యలే అన్నా."

ఆయన నవ్వలేదు. చాయ్ మాట ఎత్తలేదు. ఆమె వైపు ఒక్కసారి చూపు తిప్పి మళ్లీ నన్ను చూశాడు. అంతా చెప్పేశాను.

"పరేషాన్ గాకు. ఫొటో ఉండేది హార్డ్ డిస్క్‌ల. ర్యామ్ తోని అది పోదు" అని, ఆమె వైపు తిరిగి, "అక్కా, నీ కొడుకు యాడికి పోలే. గీండ్లనే ఉన్నడు, మనకు కనవడ్తలేడు, గంతే. జర కూసో" అన్నాడు.

 ఆమె తలూపి డబ్బా వైపు జరిగి కూర్చుంది.

అన్న ర్యామ్ ఊడదీసి కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టాడు. చాలాసేపు చూసి, నాకు సైగ చేశాడు. బంగారు గీతల మీద పొడవునా పసుపు, మధ్యలో కుంకుమ చుక్క. మా ఇంట్లోకి మిక్సీ వచ్చినా, సైకిలు వచ్చినా అమ్మ బొట్టు పెట్టందే వాడనివ్వదు. డబ్బీ లోంచి తీసిన ఈ పట్టీలో ఆమెకు బంగారంలా మెరిసిన చోటు అదొక్కటే. తడి పసుపు అక్కడే రాసింది. నేను చూడకుండా అలాగే నొక్కి బిగించాను.

అంతలో స్టూడియో వెనకే ఉన్న ఇంట్లోంచి అమ్మే చాయ్ తెచ్చింది. "ఏమైంది నాయినా?" అని అడిగింది.

అన్న పట్టీని అరచేతిలో మూసేశాడు. "ఏం లేదు చిన్నమ్మా, దుమ్ము వడ్డది" అన్నాడు.

ఆ పిల్లవాడి ముఖాన్ని చీకట్లో పెట్టింది తన పసుపేనని మా అమ్మకు చివరిదాకా తెలియదు. ఆ తర్వాత ఏ కొత్త వస్తువు బిగించినా ఆయనే అమ్మను పిలిచి, డబ్బా పైరేకు చూపించి, "చిన్నమ్మా, గిక్కడ పెట్టు, మంచిగ కనవడ్తది" అనేవాడు. ఆ ఒక్క అబద్ధానికి నేను ఆయనకు జన్మంతా రుణపడ్డాను.

ఆ రోజు అన్న రబ్బరుతో ఒక్కో గీతనూ రుద్దాడు. బ్రష్షుతో ఆ పట్టీ దిగే గాడి శుభ్రం చేశాడు. బిగించాడు. మళ్లీ బీప్. ఆమె ఉలిక్కిపడింది. మళ్లీ తీసి, మళ్లీ రుద్ది, మూడోసారి బిగించాక తెర వెలిగింది. నేను ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచి వెతికాను. దొరికాడు. గుండీ పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, తిన్నగా మమ్మల్నే చూస్తూ.

పెద్ద సైజులో ప్రింటు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని చూడనే లేదు. తెర దగ్గరికి వచ్చి, వాడి చెంప మీద చెయ్యి పెట్టి, తమ భాషలో ఏదో మెల్లగా అడుగుతోంది. జవాబు కోసం ఆగుతోంది. మళ్లీ అడుగుతోంది.

కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. కంప్యూటర్ ఆపేద్దామని నేను మౌస్ అందుకున్నాను. పద్ధతిగా ఆపకపోతే ఎంతటివాళ్లనైనా తిట్టిపోసే అన్న, ఆ రోజు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపకు తమ్మి. ప్రింటర్ ప్లగ్గు పీకు. బ్యాటరీ ఇంకో రెండు నిమిషాలొస్తది."

పీకాను. ఇంకేం పీకవచ్చో చూశాడు. స్పీకర్ల ప్లగ్గు తనే పీకాడు. కూత దగ్గరదగ్గరగా పడింది. ఆమె తొందరపడలేదు, నింపాదిగా మాట్లాడుతూనే ఉంది. అన్న ఆమె వెనక నేల మీద కూర్చున్నాడు, చేతిలో రెండు ప్లగ్గులు పట్టుకుని. తెర ఆరిపోయాక కూడా ఆమె మాట ఆపలేదు. ఆ మాట పూర్తయ్యేదాకా ఆయన లేవలేదు.