ఎండలో పెట్టని థర్మామీటరు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోసీ మోసీ అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అవి యుద్ధం రోజులు. సత్యవేడు దగ్గర బొగ్గు కోసం రెండు బోర్లు వేస్తున్నారు. ఒకదాని దగ్గర నేను, ఫర్లాంగు దూరంలో రెండోదాని దగ్గర చెంగయ్య. భూమి లోపల రాతిపొరల వేడి కొలిచి రాయడం మా పని. థర్మామీటరును తీగకు కట్టి లోపలికి దించాలి. జ్వరం చూసేదానిలాగే, ఎక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు; ఎండకు ఎక్కినా అంతే. బోరు వేసేటప్పుడు పోసే బురదనీళ్లకు అడుగు చల్లబడుతుంది కనుక, రాయి మళ్లీ తన వేడికి వచ్చేదాకా రోజంతా ఆగాలి.

చెంగయ్య ఆగేవాడు. నేను గంటకే లాగేసేవాణ్ని. ఎందుకు? ఎన్నిసార్లు వెతుక్కున్నా పెద్ద కారణమేదీ దొరకలేదు. ఎండ, విసుగు. అంతే.

ఒకే లోతులో అతని లెక్క నాదానికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ వచ్చింది. ఎవరిది తప్పని ఇంజనీరు ఇద్దరినీ పిలిచి అడిగాడు. నేను ఊరుకున్నా పోయేది. ఊరుకోలేదు.

"చెంగయ్య థర్మామీటరును ఎండలో పెట్టినాడు సార్. నేను సూసినాను."

చెంగయ్య నావైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు.

"నువ్వెంతసేపు ఉంచినావప్పా లోపల?"

"దినమంతా."

కాసేపు ఆలోచించాడు. "అట్లయితే నేనే మరిసిపోయి ఎండలో పెట్టింటాను సార్" అన్నాడు.

నన్ను నమ్మాడు. తనను నమ్ముకోలేదు.

ఆ వారమే అతన్ని పనిలోంచి తీసేశారు. నా అంకెలు రిపోర్టుకెక్కాయి. అతను పులికాట్ ఒడ్డున అత్తగారి ఊరు చేరి రొయ్యలు పట్టుకుని బతికాడట. చాలా ఏళ్లకు, నిజం చెప్పేద్దామనే వెళ్లాను. అప్పటికే పోయాడు. అతని భార్య మంచినీళ్లిచ్చింది.

"ఎండలో పెట్టి పని పోగొట్టుకుంటినని అంటా ఉండెన్నా. నా మాదిరి ఏమరపాటుగా ఉండొద్దని పిల్లోళ్లకు సెప్పేవాడు."

అప్పుడైనా చెప్పవచ్చు కదా? నీళ్లు తాగి బస్సెక్కాను. పోయినవాడికి ఏం మేలని దారి పొడుగునా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పిల్లలకు వాళ్ల నాయన ఎలాంటివాడో తెలిసేది కదా అని ఇల్లు చేరాక తోచింది. మళ్లీ వెళ్లలేదు.

చెంగయ్య కొలిచిందే నిజం. అతను ఎండలో ఏదీ పెట్టలేదు. నేను ఏమీ చూడలేదు.

క్షమించమని అడగను. క్షమించవలసినవాడు లేడు. రాశాను, అంతే. కాస్త ఊపిరాడుతోంది.