మేకలు మేసిన మేర

ఈ మధ్యాహ్నం పంజాగుట్టలో మా ఇంటి వెనక గుట్ట మీద ఎండుగడ్డి అంటుకుంది. కొత్తగా ఇల్లు కట్టిస్తున్న వారెవరో చెత్త తగలబెట్టి భోజనానికి వెళ్ళారట. గాలికి మంట మా తాటాకు పందిరి వైపే పరిగెత్తింది. నేను బిందె నింపేలోపు, గోడకు ఇరవై గజాల దూరంలో తనంతట తానే ఆగిపోయింది. అక్కడ గడ్డి లేదు. నా మందారాలు కొరుకుతున్నాయని నేను రోజూ తరిమే యాదమ్మ మేకలు నున్నగా మేసేశాయి.

సాయంత్రం యాదమ్మను పిలిచి, "రేపట్నుంచి గోడ దాకా మేపుకో" అన్నాను.

"నిన్ననే గదమ్మా, కట్టె పట్టుకొని ఎల్లగొట్టినవ్?"

"నిన్న గుట్ట కాలలేదు కదా!"

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, మేకలకు క్షమాపణ చెప్పడం చేతకాలేదు. రెండు మందార కొమ్మలు నేనే విరిచి వేశాను. మీరైతే ఏం చేసేవారు?