నోటితో కోసిన చెరుకు

కొడవలి ముట్టుకోకుండా, చెమటచుక్క కార్చకుండా, ఇంటి అరుగు మీద కూర్చుని రెండెకరాల చెరుకును ఒకే ఒక్క వాక్యంతో కోసేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. ఆ కోతలో ఒక్క గడ కూడా తెగలేదు గానీ, మా బాపు పరువు, ఫ్యాక్టరీ ఫీల్డ్‌మ్యాన్ ప్రాణం, నా పది వేళ్ల చర్మం మాత్రం తెగినంత పనైంది. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఊరు కోటగిరి అంతా ఎప్పుడో నవ్వేసింది.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న రోజులవి. నిజామాబాద్‌లో ఒక షోరూంలో ఉద్యోగానికి వెళ్తే, మీ గురించి ఇంగ్లీషులో చెప్పండన్నారు. నేను చిరునవ్వు నవ్వాను. వాళ్లూ చిరునవ్వు నవ్వి ఇంటికి పంపారు. ఇక లాభం లేదని బోధన్‌లో గాజుల దుకాణం పైన ఉన్న స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో చేరాను. అక్కడ చెప్పేది నస్రీన్ మేడం. ఆవిడ సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగితే కింద గాజుల బేరాలు కూడా ఆగిపోయేవని నా నమ్మకం.

ఒక రోజు మేడం బోర్డంతా శుభ్రంగా తుడిచి మా వైపు తిరిగింది.

"సునో బిడ్డా, ఇప్పటిదాంక చెప్పినయన్నీ పని చేసే మాటలు. రేపు చేస్త, ఇప్పుడు చేస్తున్న, రోజు చేస్త. ఇయ్యాల్టిది గట్ల కాదు. ఇది పని అయిపోయి చేతులు కడుక్కున్న మాట. ప్రెజెంట్ పర్ఫెక్ట్!"

"ఎట్ల చెయ్యాలె మేడం?" అన్నాను.

"ముందల మనిషిని పెట్టు. పక్కకు హ్యావ్ పెట్టు. ఒక్కడో, ఒక్కతో అయితె హ్యాజ్. దాని పక్కకు క్రియ మూడో రూపం. బస్, పని ఖతం."

నా ఒళ్లు జలదరించింది. మీకు అర్థం కావాలంటే ముందు నా గురించి తెలియాలి. నేను పుట్టాక ఒక్క పనీ పూర్తి చేసినదాన్ని కాదు. సగం ఊడ్చిన వాకిలి, సగం మడిచిన బట్టలు, సగం తోమిన గిన్నెలు, ఇవే నా జీవితం. అలాంటిదానికి, మూడు ముక్కలు పక్కపక్కన పెడితే పని దానంతట అదే అయిపోయే మాట ఒకటి ప్రపంచంలో ఉందని తెలిస్తే ఎలా ఉంటుంది? ఇంగ్లీషువాళ్లు ఇంత తెలివిగలవాళ్లా అని నోరు తెరుచుకుని కూర్చున్నాను. మేడం వచ్చి గడ్డం కింద చెయ్యిపెట్టి నా నోరు మూసింది.

చిక్కంతా ఆ మూడో రూపంతోనే. గో, వెంట్, గాన్. ఇదేం న్యాయం చెప్పండి? మొదటివాడికీ రెండోవాడికీ ముఖంలో పోలికే లేదు. ఇక ఈట్ సంగతైతే చెప్పనక్కర్లేదు.

"స్వరూపా, నేను తిన్న అని చెప్పు," అంది మేడం.

"ఐ హ్యావ్ ఈటెడ్."

"ఈటెడ్ అంటె తిన్న అన్నం గూడ అరగది బిడ్డా. ఈటెన్!"

వారమంతా ఇదే గోల. బస్సులో ఈటెన్, పొలంగట్టు మీద ఈటెన్, వంటింట్లో మా అవ్వ పప్పు రుద్దుతుంటే ఆమె వెనక నిలబడి ఈటెన్. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. అవ్వ పప్పుగుత్తి ఆపకుండానే వింటూ ఉండేది. మరునాడు క్లాసులో నేను మళ్లీ ఈటెడ్ అనేదాన్ని.

అలాంటి కష్టకాలంలో నాకు 'కట్' దొరికింది. కట్, కట్, కట్. మూడు రూపాలూ ఒకటే! కోస్తానన్నా కట్టే, కోశానన్నా కట్టే, కోసేసి చేతులు కడుక్కున్నా కట్టే. తప్పు చేద్దామన్నా దారి లేదు. ఇంత మంచి మాటను ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ల కాళ్లు మొక్కాలనిపించింది. ఆ రోజు నుంచి నేను ఉల్లిగడ్డలు కట్ చేశాను, గోళ్లు కట్ చేశాను, కనిపించినవన్నీ నోటితో కట్ చేసుకుంటూ పోయాను.

"ఇంట్ల గూడ ఇంగ్లీషే మాట్లాడుండ్రి. ఎవలికి సమజ్ కాకున్నా పర్వా లేదు," అని మేడం హుకుం జారీ చేసింది. మా ఇంట్లో నా దశ తిరిగింది అప్పుడే.

"స్వరూపా, బర్రెకు కుడితి పెట్టినవా?" అని అవ్వ లోపలి నుంచి అరిచేది.

"ఐ హ్యావ్ గివెన్!"

"అయ్యో నా బంగారం! ఎంత సక్కగ చెప్పిందో సూడు," అని అవ్వ పక్కింటికి వెళ్లి ఈ సంగతి చెప్పేది. బర్రె మాత్రం ఖాళీ తొట్టి ముందు నిలబడి అరిచేది. దానికి ఇంగ్లీషు రాదు కదా.

"దొడ్డి తలుపు ఏసినవా బిడ్డా?" అని బాపు అడిగేవాడు.

"ఐ హ్యావ్ క్లోజ్డ్, బాపు!"

బాపు తల ఊపి తువ్వాలు భుజాన వేసుకుని ధీమాగా వెళ్లిపోయేవాడు. కాసేపటికి ఎవరివో మేకలు లోపలికొచ్చి మా బీరతీగంతా మేసిపోయేవి. నేనేమీ అబద్ధం చెప్పాలని చెప్పలేదండీ. చెప్పాక చేద్దామనే ఉండేది. కానీ అంత చక్కగా అయిపోయిందని చెప్పాక, మళ్లీ ఆ పని మొదలుపెట్టడానికి మనసెలా ఒప్పుతుంది? పైగా తెలుగులో చెప్తే నిజమా అని రెండోసారి అడిగేవాళ్లు. ఇంగ్లీషులో చెప్తే ఒక్కరూ అడిగేవారు కాదు. ఆ మహిమ చూసి అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది నేనే.

ఇక చెరుకు దగ్గరికి వద్దాం. మా వైపు చెరుకు పెంచడం ఒక ఎత్తు, కోత వంతు దొరకడం ఇంకో ఎత్తు. మహారాష్ట్ర నుంచి కోత ముఠాలు వస్తాయి. ఏ రోజు ఏ పొలానికి వెళ్లాలో ఫ్యాక్టరీ తరఫున ఫీల్డ్‌మ్యాన్ రమేశన్న చెప్తాడు. కిందటిసారి మా వంతు ఆలస్యమై తోట నిలువునా ఎండింది. ఎండిన చెరుకు బరువు తూగదు. ఈసారి కూడా వంతు తప్పితే ఇక జన్మలో చెరుకు పెట్టనని బాపు అందరి ముందూ అనేశాడు. అందుకే రమేశన్న ఫోన్ కోసం బాపు సెల్లును చొక్కా జేబులో కాదు, చేతిలోనే పట్టుకుని తిరిగేవాడు.

ఒక సాయంత్రం అది మోగింది. బాపు పేరు చూసి, ఎత్తకుండా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"బిడ్డా, రమేశ్ జేస్తుండు. నువ్వు మాట్లాడు, ఇంగ్లీషుల మాట్లాడు! మనల్ని గూడ జర ఇజ్జత్‌గ సూస్తడు."

నేను అరుగు మీద సర్దుకుని కూర్చున్నాను. అవ్వ చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది.

"హలో, ఎవలు? మీ చెరుకు ముచ్చట ఏమాయె? రేపు ముఠాను పంపాల్నా?" అన్నాడు రమేశన్న.

పంపండి అనాలి. అంతే. ఇంగ్లీషులో అదేం పెద్ద మాట కాదని ఇప్పుడు తెలుసు. కానీ అవ్వ చూస్తోంది, బాపు చూస్తున్నాడు, నా బుర్రలో ఉన్నవన్నీ ఎగిరిపోయి ఒకే ఒక్క నమ్మకమైన మాట మిగిలింది.

"వి హ్యావ్ కట్ ద కేన్, సార్!"

అవతల రమేశన్న గొంతు పెంచాడు.

"హ్యావ్ కట్? మీరే కోసుకున్నరా? మొత్తమా?"

అప్పుడైనా తెలుగులోకి దిగి ఉండొచ్చు. కానీ వాక్యం అంత చక్కగా, ఒక్క తప్పు లేకుండా పడింది. దాన్ని పాడుచేసుకోవడానికి నాకు చేతులు రాలేదు. వాక్యం సరిగ్గా ఉందా లేదా అన్నదే నాకు లెక్క. అది నిజమా కాదా అన్నదానికి నస్రీన్ మేడం ఎన్నడూ మార్కులు వేయలేదు.

"ఎస్ సార్. వి హ్యావ్ కట్ ఆల్!"

"కంగ్రాచులేషన్స్!" అని రమేశన్న ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నడు బిడ్డా?" అన్నాడు బాపు, దేవుడి హారతి చూస్తున్నవాడిలా.

"కంగ్రాచులేషన్స్ అన్నడు."

"అంటె?"

"మెచ్చుకున్నడు బాపు."

బాపుకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అన్నం తింటూ కూడా దాన్ని నెమ్మదిగా పలికి చూసుకున్నాడు. ఫ్యాక్టరీవాళ్లు ఇంతవరకు ఎవరినీ మెచ్చుకోలేదని, ఇక మన వంతు ఖాయమని అవ్వకు చెప్పాడు. నాకు లోపలెక్కడో చిన్నగా గుబులైంది. రేపు పొద్దున్నే ఫోన్ చేసి సరిచేద్దామనుకున్నాను. నా సరిచేయడాలన్నీ ఎలా ఉంటాయో మీకు ఇప్పటికే తెలుసు.

తెల్లవారగానే బాపు ముఠా కోసం పొలంగట్టు మీద నిలబడ్డాడు. అవ్వ పెద్ద క్యానులో చాయ్ తెచ్చింది, ఆమె వెనకే గ్లాసులు పట్టుకుని నేనూ వెళ్లాను. దూరం నుంచి ముఠా ట్రాక్టర్ రావడం కనిపించింది. అది దగ్గరికొచ్చింది, మా గట్టు దాటింది, పక్క ఊరి వైపు వెళ్లిపోసాగింది. బాపు తువ్వాలు ఊపుతూ వెనక పరుగెత్తి దాన్ని ఆపాడు.

"ఏ ముకద్దం! మా పొలం గిది! యాడికి పోతున్నవ్?"

ముఠా పెద్ద, ముకద్దం, ట్రాక్టర్ మీద నుంచి వంగి చూశాడు. "బాపూ, తుమ్చా ఊస్ ఝాలా నా?" అన్నాడు. మీ చెరుకు అయిపోయిందిగా అని.

"అయిపోయిందా? మరి గిదేంది, గడ్డినా?"

ముకద్దం మా తోటను చూశాడు. మనిషికి రెండింతల ఎత్తున, గాలికి గలగలమంటూ, ఒక్క ఆకు చెదరకుండా నిలబడి ఉంది. ఏదో నమ్మలేనిది చూసినట్టు కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. అంతలో రమేశన్న బండి మీద వచ్చాడు. అతనూ బండి దిగి తోటను చూసి అలాగే నిలబడిపోయాడు.

"మీ బిడ్డనే చెప్పింది కాకా! ఇంగ్లీషుల చెప్పింది! నేను మీద ఆఫీసుల గూడ అయిపోయిందని చెప్పిన!"

"మా బిడ్డ గట్లెందుకు చెప్తది? తప్పు ఇన్నవేమో."

"తప్పా? నా చెవులతోని ఇన్న. వి హ్యావ్ కట్ అన్నది. గ్రామర్ల ఒక్క తప్పు లేదు!"

నా గ్రామర్‌కు దక్కిన మొదటి మెప్పు అది. దాన్ని ఆనందించే వీలు మాత్రం లేకపోయింది, ఎందుకంటే అందరూ నా వైపే తిరిగారు.

"ఎప్పుడు కోసినవ్ బిడ్డా?" అన్నాడు బాపు. కోపంగా అని ఉంటే బాగుండేది. నెమ్మదిగా అడిగాడు.

"ప్రాక్టీస్ చేసిన బాపు..."

"నిలబడ్డ చెరుకు మీదనా ప్రాక్టీసు? ఈసారి గూడ ఎండిపోతె ఏం జేద్దమే?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బాపు ముఖం చూడలేకపోయాను. రమేశన్న తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. చివరికి లేచి, "సూడు కాకా, ఇయ్యాల ముఠాను పక్క ఊరికి రాసిచ్చిన. పొద్దుగూకేటాళ్లకు ఒక్క లారీ లోడు మీరే కొట్టి పెట్టుండ్రి. అది చూపెట్టి, ఇంక జర మిగిలిందని ఆఫీసుల చెప్త. ఎల్లుండి ముఠాను తోలిస్త. అది గూడ లేకుంటె మీ వంతు పాయె, నా నౌకరి పాయె," అన్నాడు.

బాపు నా చేతికి కొడవలి ఇచ్చాడు. "నోటితోని కోసినవ్ గద. ఇగ చేతితోని కొయ్యి," అన్నాడు.

తోటలోకి అడుగుపెట్టగానే ఆకాశం మాయమైంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ తోటను గట్టు మీద నుంచి చూశానే గానీ, లోపలి నుంచి అది అంత పెద్దదని నాకు తెలియదు. ఏ వైపు చూసినా చెరుకే. 'ఆల్' అన్నాను చూశారా, ఆ మాటలో ఎంత చెరుకు పడుతుందో అప్పుడు తెలిసింది. గడ మొదట్లో నరకాలి, కొస కొట్టెయ్యాలి, ఆకు దూయాలి, కుప్పలో వెయ్యాలి. ఒక్క గడకు ఇంత పని! ఆకు అంచు తగిలిన చోటల్లా చెయ్యి గీరుకుపోయింది. చుట్టుపక్కల వాళ్లు జాలిపడి కొడవళ్లతో వచ్చారు. ఈ తిప్పలు ఎందుకొచ్చాయో తెలిశాక ఒక్కొక్కరూ ఒక్కోసారి కొడవలి ఆపి, నన్ను చూసి, నవ్వి, మళ్లీ కోశారు. బాపు మాత్రం తలెత్తలేదు, ఆగలేదు. ఆయన ముందు చెరుకు పడుతుంటే చూస్తూ, ఏటేటా ఈ మనిషి ఇదంతా పెంచుతున్నాడా అని నాకు నిజంగానే ఆశ్చర్యమేసింది.

పొద్దు వాలేసరికి లారీ నిండింది. రమేశన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఫోటో తీసి పంపి, ఆఫీసుతో మాట్లాడి, "ఎల్లుండి ముఠా పక్కా," అన్నాడు. బాపు పొద్దుటి నుంచి మొదటిసారి కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆకలికి నా కళ్లు తిరుగుతున్నాయి. అవ్వ వేడివేడి అన్నం, చింతకాయ తొక్కు, ఉడికించిన గుడ్లు ముందు పెట్టుకుని కూర్చుంది. బాపుకు వడ్డించింది. సాయం వచ్చినవాళ్లందరికీ వడ్డించింది. నేను పళ్లెం ముందుకు జరిపాను.

"అవ్వా, నాకు అన్నం."

అవ్వ నా పళ్లెం వైపు చూసింది, నా వైపు చూసింది. గరిటె గిన్నెలో పెట్టి, కొంగు సర్దుకుని, ఎంతో నిదానంగా అంది:

"యూ హ్యావ్ ఈటెన్."

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. మనిషి, హ్యావ్, మూడో రూపం. ఈటెడ్ కాదు, ఈటెన్! నేను వారమంతా గొంతు చించుకున్నా రానిది, పప్పు రుద్దుకుంటూ ఆవిడకు వచ్చేసింది. అంత ఆకలిలోనూ చప్పట్లు కొట్టాలనిపించింది.

"ఏమన్నది?" అన్నాడు బాపు, ముద్ద చేతిలో పట్టుకుని.

"నేను తిన్ననంట బాపు. అయిపోయిందంట."

బాపు ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, మింగి, నా వైపు తిరిగాడు.

"కంగ్రాచులేషన్స్," అన్నాడు.

ఇల్లంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వులన్నీ చల్లారాకే అవ్వ నా పళ్లెంలో అన్నం పెట్టింది.

ఆ అన్నం మీద, ఆ తొక్కు మీద, మా ఆకలిగొన్న బర్రె మీద ఒట్టేసి ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. కొడవలి కడిగి చూర్లో పెట్టేదాకా ఏ పనీ అయిపోయిందని ఎవరికీ ఏ ఫోన్లోనూ చెప్పను, అది ఎంత చక్కటి వాక్యమైనా సరే. ఈ ప్రతిజ్ఞను మీరు నమ్మొచ్చు. దీన్ని నేను తెలుగులో చేశాను.