రెండు వేళ్ల సందు

ఆరు వేలు అడిగిన మెకానిక్‌ను నాలుగు వేలకు దించి, కారు ఎత్తును ఇష్టం వచ్చినట్టు పెంచి తగ్గించుకునే సస్పెన్షన్ బిగించుకున్నాను. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. మేడ్చల్‌లో ఆ పని నాకంటే చౌకగా చేయించుకున్నవాడు లేడు.

ఆ మెకానిక్ కొలత టేపు ముట్టేవాడు కాదు. కారును కిందికి దించాక, టైరుకూ పైనున్న రేకుకూ మధ్య రెండు వేళ్లు దూర్చి, కళ్లు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా నిలబడేవాడు. ఆ వేళ్లంటే నాకిప్పటికీ ఒళ్లుమంట. "లెవల్ మస్తుగొచ్చింది అన్నా, తీస్కపో" అన్నాడు.

మర్నాడు బాపును పక్కన, అమ్మనూ పిన్నినీ వెనక కూర్చోబెట్టుకుని శామీర్‌పేట బయలుదేరాను. మొదటి స్పీడ్‌బ్రేకర్‌కే కారు కడుపు నేలకు కొట్టుకుని, అడుగున ఆయిల్ చాంబర్ పగిలి ఆయిల్ రోడ్డు మీద పారింది. నడుము పట్టుకుని దిగిన బాపు నిటారుగా నిలబడలేకపోయాడు.

కారును తాడుతో లాగించుకుని మెకానిక్‌ను తిట్టడానికి వెళితే మళ్లీ అవే వేళ్లు దూర్చాడు.

"సందు గట్లనే ఉన్నది గద అన్నా. నువ్వు ఖాళీ బండి తెచ్చినవ్, ఖాళీ బండికే జేసిన. నలుగురు కూసుంటరని జెప్పినవా?"

"జెప్పాల్నా? కారుల మనుషులు గాక బియ్యం బస్తాలు కూసుంటయా?"

"బస్తాలైనా జెప్పాలె. ఆరు వేలిస్తే నేనే అడుగుతుంటి" అన్నాడు, తాపీగా వేళ్లు తుడుచుకుంటూ.

ఇక ఖర్చు. అతనికి నాలుగు వేలు. కొత్త ఆయిల్ చాంబర్‌కు ఎనిమిదిన్నర వేలు. మనుషుల్ని కూర్చోబెట్టి ఎత్తు సరిచేసిన మరో షెడ్డుకు ఆరు వేలు. అక్కడ నేను బేరమాడలేదు. బాపు నడుముకు బెల్టు, పన్నెండు వందలు. మొత్తం పందొమ్మిది వేల ఏడు వందలు.