దొర పెండ్లాం ఎవరు?

సముద్రాలు దాటిన మహాగాథ చెప్తా, వినండి. నిజానికి అంత లేదు, నంద్యాల నెట్ సెంటర్‌లో అరగంట పని.

కాలువ పనికి స్కాట్లాండు నుంచి వచ్చిన దొర మా జేజికి, అంటే మా నాయనమ్మకు, తాత. ఆయన సొంతూరికి పోయి మళ్లీ రాలేదు. ‘దొర ఉంచుకున్నదాని మనవరాలు’ అని ఆళ్లగడ్డలో జేజిని ముసలితనం దాకా ఎత్తిపొడిచినారు.

స్కాట్లాండు ప్రభుత్వ రికార్డుల్లో మరణం రాస్తే, పక్కనే భార్య పేరూ రాస్తారంట. దొరది వెతికి, ప్రింటు తీయించి, జేజికి ఫోన్ చేసినా.

“పెండ్లాం అని ఎవుర్ని రాసినార్రా?”

“మీ అవ్వనే, జేజీ.”

ఫోన్‌లో ముక్కు చీదిన శబ్దం.

“ఏడుస్తాండావా?”

“జలుబులేరా. ఆదివారం చర్చికి ఆ కాగితం తీసుకురా. అందరికీ చూపియ్యాల.”

లామినేషన్ శనివారమే చేయించాల. ఆదివారం షాపు తెరవరు.