వెల రాయని బొమ్మ కవరు

"సార్ పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగిండు, పేపర్ సదువుకుంట అట్లనే ఒరిగిండు."

ఫోనులో అమ్మ ఇంతే చెప్పింది. ఆదిలాబాద్ పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన సార్ భార్యను నేను 'అమ్మా' అనే పిలుస్తాను. బోథ్‌లో నా బడికి సెలవు చీటీ పంపి బస్సెక్కాను.

సార్ జన్మంతా పోగేసినవి పాతకాలపు బొమ్మ కవర్లు. కొత్త స్టాంపు విడుదలైన రోజే దాన్ని అంటించి, ఆనాటి ముద్ర కొట్టిన కవర్లవి. ఎడమ పక్కన చిన్న బొమ్మ ఉంటుంది. చుట్టుపక్కల ఎవరి పెట్టెలో అలాంటిది దొరికినా వెల కట్టమని ఆయన దగ్గరికే తెచ్చేవారు.

మా పరిచయం నా తెలివితక్కువ పనితోనే మొదలైంది. కాలం చేసిన మా బాపు, కాగజ్‌నగర్ మిల్లులో కొత్తగా చేరినప్పుడు మా నానమ్మకు పంపిన బొమ్మ కవరు ఒకటి పెట్టెలో దొరికింది. నాకేమో స్టాంపుల పిచ్చి అప్పుడే పట్టింది. గిన్నెడు నీళ్ళలో కవరు నానబెట్టి, స్టాంపు ఊడదీసి, గొప్పగా సార్‌కు చూపించడానికి పట్టుకెళ్ళాను.

"కవరేది టీచరమ్మా?"

"తడిసింది గద సార్, దండెం మీదేసిన."

ఆయన మొహం చూడాలి! "అయ్యో, గింజ పారబోసి పొట్టు తెచ్చినవు గదమ్మా!" అంటూ నాతోపాటే బస్సెక్కారు.

ముడతలు పడ్డ కవరును పాత పేపర్ల నడుమ పెట్టి, మీద బియ్యం డబ్బా ఎక్కించారు. సిరా అంతా నీలి మరకైపోయింది. బాపు చేతిరాత మా ఇంట్లో అదొక్కటేనని అప్పుడుగానీ నాకు తట్టలేదు. వచ్చినాయన ముందే భోరున ఏడ్చేశాను. సాయంత్రం ఆయన ఆ కవరును కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్నారు.

"మీ బాపుది బరువు చెయ్యి. సిరా పోయింది గని పాళీ గీరిన గీత పోలే. జర ఇటు వంగి సూడు."

మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత మరక అడుగు నుంచి నానమ్మ పేరు ఒక్కో అక్షరమే పైకి తేలింది.

అప్పటినుంచి సెలవు దొరికితే సార్ ఇంట్లోనే ఉండేదాన్ని. మిర్చి బజ్జీలు తిని వచ్చినవాళ్ళను గడప దగ్గరే ఆపి, చేతులు కడిగి తుడుచుకున్నాకే లోపలికి రానిచ్చేవారు. కొనేవాళ్ళకు అడ్రసు రాయని తెల్లటి కవర్లంటే మోజు. సార్ ఒప్పుకునేవారు కాదు. "ఖాళీ కవరు ఇంట్లనే కూసున్నది. రాత ఉన్నది ఊర్లు తిరిగొచ్చింది" అనేవారు.

ప్రతి కవరుకూ పెన్సిలుతో ఒక చీటీ రాసేవారు. బొమ్మ, స్టాంపు, ముద్ర, రాత, చివర వెల. అందులో అబద్ధం ఉండేది కాదు. ఒకసారి జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఆవిడ ఒక కవరు తెచ్చింది. సార్ ఏళ్ళుగా వెతుకుతున్నదే! "మీకు తోచింది ఇయ్యుండ్రి సార్" అంది పాపం. ఆయన అసలు వెల రాసి చేతికిచ్చారు.

"గింత పెట్టి నేను కొనలేనమ్మా. దీనికి తక్కువ ఎవ్వలకియ్యకు."

ఆమె వెళ్ళాక నాకు ఒళ్ళు మండింది. "ఆమే ఇస్తనంటే తీసుకుంటే ఏమాయె సార్?"

"తీసుకుంటే, రేపు ఇంకొకలకు వెల ఏ మొఖంతోని కట్టాలె?" అన్నారు. ఆ రోజు ఆయన మరో కవరు ముట్టుకోలేదు.

నా కవరు చీటీ మాత్రం ఎప్పుడడిగినా "తర్వాత రాస్త తియ్యి, యాడికి పోతది" అనేవారు. అలా పద్దెనిమిదేళ్ళు. అదేదో అపురూపమైనదని, ఆయనకే అంతు చిక్కడం లేదని స్టాఫ్‌రూములో కోతలు కూడా కోశాను.

సార్ పోయిన పదకొండో రోజున అమ్మ ఒక చీటీ తెచ్చి చేతిలో పెట్టింది. "నీదే బిడ్డా, కండ్లద్దాల డబ్బల పెట్టుకున్నడు."

బొమ్మ బాగుంది. స్టాంపు ఊడింది. ముద్ర సగమే మిగిలింది. రాత ఎండలో కనిపిస్తుంది. వెల దగ్గర ఖాళీ. అక్కడ కాగితం అరిగి పలచబడి ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆయన నేర్పినట్టే ఏటవాలుగా పట్టుకున్నాను. రబ్బరుతో చెరిపిన చోట పెన్సిలు నొక్కిన గీత గుండ్రంగా కనిపించింది.

సున్నా.

జీవితంలో ఎవరికీ వెల తప్పు చెప్పని మనిషి, రాసింది నాకివ్వలేక చెరిపేశారు. సంచిలోంచి బాపు కవరు తీసి చీటీ పక్కన పెట్టాను. కిటికీలో ఎండ జరిగిపోయేదాకా ఒకసారి అది, ఒకసారి ఇది వంచి చూస్తూ అక్కడే కూర్చున్నాను.